దెబ్బలు తినే భాషలు

అందరికీ నమస్కారం. మైకు ఇంకొంచెం దగ్గరికి జరుపుకోమంటున్నారు. ఇప్పుడు వెనక వరసకు వినబడుతోందా? సరే.

ముందుగా ఒక తప్పు ఒప్పుకుంటాను. నేను ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. ఒక ఏడాది అనువాదం పేపర్లో 'దొంగ బాగా దెబ్బలు తిన్నాడు' అన్న వాక్యం ఇచ్చాను. ఒక కుర్రాడు 'ది థీఫ్ ఏట్ మెనీ బీటింగ్స్' అని రాశాడు. ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టాను. అంతటితో ఊరుకున్నానా? స్టాఫ్ రూములో అందరికీ చదివి వినిపించాను. టీ తాగుతూ తెగ నవ్వుకున్నాం. ఆ అబ్బాయి ఇప్పుడు ఎక్కడున్నాడో గానీ, రిటైరయ్యాక అంకారాలో కూర్చుని వాడికి మనసులోనే మార్కులు వేశాను.

అంకారా ఎందుకు వెళ్లానంటే, మా అమ్మాయికి, అల్లుడికి అక్కడ ఉద్యోగాలు. మనవణ్ణి చూసుకోవడానికి నేనూ మా ఆవిడా వెళ్లాం. విదేశాల్లో పిల్లలున్న పెద్దవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉంటారు, ఆ డ్యూటీ సంగతి నేను విడమరచి చెప్పక్కర్లేదు. పగలంతా ఖాళీ. ఊరికే కూర్చోలేక, దగ్గర్లో విదేశీయులకు టర్కిష్ నేర్పే తరగతిలో చేరాను. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. అక్కడే చిక్కొచ్చి పడింది.

కరపత్రంలో నా విషయం 'ఒక ఇంగ్లీషు క్రియ, దాని పుట్టుక, టర్కిష్‌లో దాని సాటి మాటలు' అని గంభీరంగా వేశారు. ఆ క్రియ 'ఈట్'. తినడం.

టర్కిష్‌లో తినడాన్ని 'యెమెక్' అంటారు. ఇందులో ధాతువు 'యె' ఒక్కటే, 'మెక్' అనేది మన 'తినడం'లో 'అడం' లాంటిది. తినేదాన్నీ, అంటే తిండినీ, యెమెక్ అనే అంటారు. అందుకని భోజనం చేయడం 'యెమెక్ యెమెక్' అవుతుంది. మనం 'తిండి తినడం' అనమూ? అలాగే. నా పాఠ్యపుస్తకంలో ఈ మాట కింద అర్థాల జాబితా ఉంది. ఒకటి, ఈట్. రెండు, దెబ్బలు పడటానికి ఇంగ్లీషు మాట. మూడు, తిట్లు పడటానికి ఇంకో మాట. నాలుగు, లంచం తీసుకోవడం. అయిదు, ఒకడి వాటా కాజేయడం. ఇలా పోతుంది. మా తరగతిలో ఒక జర్మన్ అమ్మాయి, ఒక బ్రెజిల్ కుర్రాడు ఈ జాబితాను బట్టీ పట్టడానికి నానా తంటాలు పడ్డారు. నేనూ వాళ్లతో పాటు రెండు రోజులు బట్టీ పట్టాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, రెండు రోజులు!

మూడో రోజు పొద్దున పళ్లు తోముకుంటుంటే తట్టింది. 'దయాక్ యెమెక్', దెబ్బలు తినడం. 'తొకాత్ యెమెక్', చెంపదెబ్బ తినడం. 'అజార్ యెమెక్', చీవాట్లు తినడం. 'రుష్వెత్ యెమెక్', లంచం తినడం. 'హక్కినీ యెమెక్', ఒకడి హక్కు తినేయడం. ఆ 'హక్' మన 'హక్కే', అరబిక్ నుంచి వాళ్లకూ మనకూ వచ్చిన మాట. ఇందులో నేర్చుకోవాల్సిందేముంది? ఇవన్నీ మా ఊళ్లో నేను పుట్టక ముందు నుంచీ ఉన్నవే కదా! పుస్తకం అయిదు అర్థాలంటోంది గానీ తెలుగువాడికి అది ఒక్కటే అర్థం. మధ్యలో ఇంగ్లీషును పెట్టుకోబట్టి ఒకటి అయిదయింది.

(నవ్వులు)

ఇంగ్లీషును చిన్నబుచ్చడం లేదు, దానికీ మంచి వంశం ఉంది. ఆ 'ఈట్' ఎక్కడిదో కొంచెం చూద్దాం.

పాత ఇంగ్లీషులో అది 'ఎటన్'. జర్మన్‌లో 'ఎస్సెన్', లాటిన్‌లో 'ఎదెరె'. మన పిల్లలు పాఠాల్లో చదివే 'ఎడిబుల్' ఆ లాటిన్ మాట నుంచే వచ్చింది. డాక్టర్లు వాడే 'ఒబీస్' కూడా అందులోంచే పుట్టింది, బాగా తిని బలిసినవాడని అర్థం. దిగులు పడటాన్ని ఇంగ్లీషులో 'ఫ్రెట్' అంటారు కదా, అది కూడా ఒకప్పుడు తినడమే. ముందు 'ఫ్ర' అనే ఉపసర్గ, వెనక 'ఎటన్'. మొత్తం మీద 'తినేయడం' అన్నమాట. జర్మన్లు ఇప్పటికీ పశువులు మేయడాన్ని 'ఫ్రెస్సెన్' అంటారు. దిగులు మనిషిని లోపల్నుంచి మేసేస్తుంది కాబట్టి ఫ్రెట్. ఇక రాగిరేకు మీద యాసిడ్‌తో బొమ్మ చెక్కే 'ఎచింగ్' ఉంది చూశారూ, నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే. జర్మన్‌లో తిను అన్న ధాతువుకి ప్రేరణార్థకం 'ఎట్సెన్', డచ్చివాళ్ల మీదుగా ఇంగ్లీషుకొచ్చి 'ఎచ్' అయింది. అంటే అచ్చంగా మన 'తినిపించు'. యాసిడ్‌కి రాగిని తినిపించడం!

ఈ ధాతువే సంస్కృతంలో 'అద్'. 'అద్'కు 'న' చేరితే 'అన్నం'. మనం రోజుకు రెండు పూటలా తినే అన్నం, ఇంగ్లీషువాడి ఈట్, ఒకే ధాతువు నుంచి వచ్చాయి. దంతం కూడా ఇదే ధాతువు నుంచి వచ్చిందనీ, 'తినేది' అన్న అర్థంలో పుట్టిందనీ చాలామంది పండితులు అంటారు. తైత్తిరీయోపనిషత్తులో ఈ వ్యుత్పత్తి ఉంది: 'అద్యతేఽత్తి చ భూతాని, తస్మాదన్నం తదుచ్యతే'. ప్రాణులు దాన్ని తింటాయి, అది ప్రాణుల్ని తింటుంది, అందుకని అన్నం అన్నారు. రెండో ముక్క గమనించండి. తినేవాడు ఎవడు, తినబడేది ఏది అన్నది అక్కడే తిరగబడింది. దీనితో నాకు కాసేపట్లో పనుంది.

ఈ ఈట్ అన్న మాటకు టర్కీ మట్టిలో ఒక చిత్రమైన కథ ఉంది. అంకారాకు తూర్పున 200 కిలోమీటర్ల దూరంలో బొగాజ్‌కోయ్ అని ఒకప్పుడు పిలిచిన ఊరుంది, ఇప్పుడు దాని పేరు బొగాజ్‌కలె. అక్కడ, మూడు వేల ఏళ్లకు ముందు ఆ నేలను ఏలిన హిట్టైట్ రాజుల రాజధాని హత్తుషా శిథిలాలు ఉన్నాయి. 1906లో తవ్వకాలు మొదలుపెడితే మేకు గుర్తుల లిపిలో ఉన్న మట్టి పలకలు వేలకొద్దీ దొరికాయి. లిపి చదవగలుగుతున్నారు, భాష మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. బెద్రిహ్ హ్రోజ్నీ అనే చెక్ పండితుడు ఇస్తాంబుల్ వెళ్లి ఆ పలకలకు నకళ్లు రాసుకున్నాడు. అందులో ఒక వాక్యం: 'నూ నిందాన్ ఎజ్జాత్తెని, వాతర్‌మ ఎకుత్తెని'. ఇందులో 'నిందా' అన్నది సుమేరియన్ గుర్తు, రొట్టె అని అందరికీ తెలుసు. రొట్టెను మనిషి ఏం చేస్తాడు? తింటాడు. ఎజ్జా, ఎద్... ఇది ఎస్సెన్ లాగా లేదూ? పక్కనే వాతర్. వాటర్! 'మీరు రొట్టె తింటారు, నీళ్లు తాగుతారు'.

అంతే, తాళం ఊడింది. 1915లో ఆయన ఈ సంగతి బయటపెట్టాడు. హిట్టైట్ కూడా ఇంగ్లీషు, లాటిన్, సంస్కృతాల కుటుంబమేనని తేలింది. మూడు వేల ఏళ్లకు పైగా నోరు మూసుకున్న భాష మళ్లీ నోరు తెరిచింది కూడా రొట్టె తినడానికే. మా అల్లుడు ఒక ఆదివారం మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లాడు. ఎండ, గాలి, రాళ్లు, సింహాల గుమ్మం. మా ఆవిడ గొడుగు పట్టుకుని 'ఇందుకా ఇంత దూరం తీసుకొచ్చారు' అంది. నేను మాత్రం ఆ రాళ్ల మధ్య నిలబడి ఎజ్జాత్తెని, ఎజ్జాత్తెని అని పైకి అనుకున్నాను. పక్కన పోయేవాళ్లు ఒకసారి తిరిగి చూశారు.

టర్కిష్‌కు ఈ కుటుంబంతో సంబంధం లేదు. తురుష్కులు ఆ నేల మీద స్థిరపడటం 1071లో మాంజికెర్త్ యుద్ధం తర్వాత సంగతి. వాళ్ల భాష మధ్య ఆసియా నుంచి వచ్చింది. మంగోలియాలో ఓర్ఖోన్ నది లోయలో 732 నాటి కుల్ తెగిన్ శాసనం ఉంది. అందులో రాజు తన ప్రజలను దెప్పుతాడు, ఒకసారి కడుపు నిండితే ఇక ఆకలి సంగతి గుర్తుండదు మీకు అని. తిండి గోల అప్పటికే ఉందన్నమాట.

మరి టర్కిష్‌కూ తెలుగుకూ చుట్టరికం లేనప్పుడు ఇద్దరూ దెబ్బలెందుకు తింటున్నారు? 1856లో కాల్డ్వెల్ దొర ద్రావిడ భాషలకు, టర్కిష్ లాంటి భాషలు చేరిన 'సిథియన్' గుంపుకు బంధుత్వం కట్టాడు గానీ, ఇప్పటి భాషావేత్తలు దాన్ని ఒప్పుకోరు. మధ్యవర్తి మాత్రం ఒకటి కళ్లెదుటే ఉంది, ఫార్సీ. ఫార్సీలో దెబ్బలు తినడం 'కొతక్ ఖోర్దన్', ఖోర్దన్ అంటే తినడం. ఉర్దూలో 'మార్ ఖానా'. టర్కీని ఏలిన ఒట్టోమన్ల దర్బారు భాష టర్కిషే అయినా దాని నిండా ఫార్సీ మాటలే, గోల్కొండ దర్బారులోనూ ఫార్సీయే. గోల్కొండ అన్నాను కాబట్టి ఒక మాట. కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ, కరాకోయున్లు అనే తుర్కమాన్ వంశంవాడు. ఆ 'కులీ'లో ఉన్నది టర్కిష్ 'కుల్', అంటే సేవకుడు. మహమ్మద్ కులీ అంటే మహమ్మద్ దాసుడు, మన రామదాసు లాంటి పేరే. హైదరాబాద్ కట్టించినాయన పేరులో టర్కిష్ మాట ఉందని చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్ తాగేవాళ్లలో ఎంతమందికి తెలుసు? మన ఖైమా, వాళ్ల 'కియ్‌మా', కత్తితో సన్నగా తరగడం అనే క్రియ నుంచి వచ్చింది. కుర్మా, వాళ్ల 'కవుర్మా', వేయించడం అనే క్రియ. మనం క్రియల్ని కూడా తింటున్నాం.

అయితే అంతా ఫార్సీ చలవే అని నేను అనను. కన్నడంవాళ్లు కూడా పెట్టు తింటారు. పక్కనున్న తమిళులు మాత్రం తినరు, 'అడి వాంగు' అంటారు. అంటే దెబ్బలు కొనుక్కుంటారు! ఎవరి ఆర్థిక వ్యవస్థ వాళ్లది.

ఇక్కడ నేను చెప్పదలచుకున్న అసలు సంగతికి వస్తాను. ఇంగ్లీషులో తినేవాడిదే పైచేయి. తుప్పు ఇనుమును తింటుంది, దిగులు మనిషిని తింటుంది. 'వాట్స్ ఈటింగ్ యూ' అంటాడు, నిన్ను తినేస్తున్నదేమిటి అని. అక్కడ తినేది బలమైనది, తినబడేవాడు బాధితుడు. బాధితుడే తినే సందర్భాలు ఇంగ్లీషులోనూ ఉన్నాయి గానీ అవి సిగ్గుతో మింగేవి. అన్న మాట వెనక్కి తీసుకుంటే తన మాటల్ని తానే తినాలి. తలవంచితే 'హంబుల్ పై' తినాలి. ఆ పై కూడా మొదట 'అంబుల్స్'తో, అంటే లేడి పేగులూ కాలేయంతో చేసే చవక పదార్థం. మాట పోలిక వల్ల వినయం అయి కూర్చుంది.

మనకు, టర్కులకు అలా కాదు. తినేవాడే దెబ్బతిన్నవాడు కావచ్చు. బయటి నుంచి ఒకటి వచ్చి మీద పడింది, తిప్పికొట్టలేకపోయాడు, అది ఒంట్లోకి దిగింది. అదే తినడం. టర్కులు దీన్ని మనకన్నా ఇంకా ముందుకు తీసుకుపోయారు. వాళ్లు తూటా తింటారు, 'కుర్షున్ యెమెక్'. ట్రాఫిక్ పోలీసు దగ్గర జరిమానా తింటారు, 'జెజా యెమెక్'. ఫుట్‌బాల్‌లో గోల్ తింటారు. మా ఎదురింటి కుర్రాడు ఒకరాత్రి మెట్ల మీద తల పట్టుకుని కూర్చుంటే ఏమైందంటే, 'మూడు తిన్నాం' అన్నాడు. కబాబులనుకున్నాను. బజార్లో వంద రూపాయల వస్తువును అయిదు వందలకు కొంటే 'కాజిక్ యెమెక్', మేకు తినడం, గుంజలాంటి మేకు. మనం టోపీ పెట్టించుకుంటాం, వాళ్లు మేకు తింటారు. మొత్తానికి కొట్టువాడు మాత్రం బాగుపడతాడు.

ఇదే ధాతువుకు ప్రేరణ 'యెదిర్‌మెక్', తినిపించు. దానితో ఒక పలుకుబడి ఉంది, 'గురూరునా యెదిరెమెమెక్'. గురూర్ అంటే అహంకారం. తన అహానికి ఆ సంగతి తినిపించలేకపోవడం. మనకు 'మింగుడు పడలేదు' అని ఉంది. రెండూ గొంతు దగ్గరే ఆగాయి.

కానీ ఇంతలోనే పొంగిపోయి, తెలుగు ఉంటే చాలు టర్కిష్ వచ్చేసినట్టే అనుకుంటే ఏమవుతుందో చెబుతాను. నాకు అయింది.

మా కింది ఇంట్లో ఒక పెద్దావిడ ఉండేది, డెబ్బై అయిదు దాటిన మనిషి. ఆమెను నేను 'తెయ్జె' అని పిలిచేవాణ్ణి. తెయ్జె అంటే పిన్ని, అమ్మ చెల్లెలో అక్కో. నాన్న తోబుట్టువైతే 'హలా', మనకు మేనత్త. మేనమామ 'దాయి', బాబాయి 'అమ్జా'. ఇంగ్లీషువాడికి వీళ్లందరికీ కలిపి రెండే మాటలు. తెయ్జె రోజూ మెట్ల దగ్గర ఆపి 'యెమెక్ యెదిన్ మి?' అని అడిగేది. తిన్నావా? చివర 'మి' మన 'తిన్నావా'లో దీర్ఘం చేసే పనే చేస్తుంది. ఒకరోజు వానవల్ల మా మనవడు బయటికి పోలేక ప్రశ్నలతో నన్ను వేపుకు తింటున్నాడు. తెయ్జె ఎలా ఉన్నావంటే, 'బుర్ర తినేశాడు' అని చెబుదామనుకున్నాను. తరగతిలో 'కఫా' అంటే తల అని నేర్చుకున్నా. ఇంకేం, ధైర్యంగా 'తొరునుమ్ కఫాయి యెది' అన్నాను. నా మనవడు తల తిన్నాడు.

ఆమె ముఖం పాలిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా గబగబా పైకొచ్చింది. వాడు సోఫా మీద బిస్కెట్టు నములుతూ కూర్చున్నాడు. ఆమె వాడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, కళ్లలోకి చూసింది. తర్వాత మా అమ్మాయి వచ్చి విడమరిస్తే తెలిసింది. టర్కిష్‌లో ఒకడు 'కఫాయి యెది' అంటే వాడికి పిచ్చెక్కిందని!

(నవ్వులు)

అవునండీ, మూడేళ్ల పిల్లాడికి. మనం అనే 'బుర్ర తినడానికి' వాళ్ల మాట వేరే ఉంది. 'బాషిమిన్ ఎతిని యియోర్', నా తలకాయ మాంసం తింటున్నాడు. అంటే మనం శాకాహారంగా అంటాం, వాళ్లు కూర వండేశారు. ఈ మాట నాకు తెయ్జె స్వయంగా నేర్పింది, మూడుసార్లు పలికించి మరీ వదిలింది.

తాగడం సంగతి కూడా ఒక్క ముక్క. సిగరెట్ మనం తాగుతాం, టర్కులూ తాగుతారు, 'సిగరా ఇచ్‌మెక్'. మందునీళ్లూ తాగుతారు, మాత్రనూ తాగుతారు. ఈ రెండోది మనం తాగం, వేసుకుంటాం.

ఇంకొకటి, వ్యాకరణం అంటే భయపడేవాళ్లు కాసేపు చెవులు మూసుకోండి. తిన్నాడు అనడానికి టర్కిష్‌లో 'యెది'. కళ్లారా చూసినా, కచ్చితంగా తెలిసినా ఇది. చూడలేదు, ఎవరో చెప్పారు, లేదా ఆనవాళ్లు కనిపిస్తున్నాయి. అప్పుడు 'యెమిష్'. ఒకరోజు ఫ్రిజ్‌లో చాక్లెట్ మాయమైంది. మనవడి మూతికి చాక్లెట్ అంటుకుని ఉంది. తెయ్జె వాణ్ణి చూసి 'యెమిష్' అంది. తిన్నట్టున్నాడు. అదే మా ఆవిడ నాకు ఫోన్లో చెబితే తిన్నాడట. ఆ రెంటికీ వాళ్లకు ఒక్క 'మిష్' చాలు. ఇంగ్లీషువాడైతే వాక్యం ముందు ఇంకో మాట తగిలించుకోవాలి. అన్నట్టు 'యెది' అంటే ఏడు అంకె కూడా. ఇంగ్లీషు 'ఏట్' ఎనిమిదిలా వినబడుతుంది, టర్కిష్ 'యెది' అచ్చంగా ఏడు. కాకతాళీయమే, కానీ లెక్కల మాస్టారు లేని సమయంలో చెప్పుకోవడానికి బాగుంటుంది.

సామెత ఒకటి చెప్పి ఆపుతాను, వంటవాళ్లు అక్కడి నుంచి చెయ్యి ఊపుతున్నారు. తాతల ఆస్తి తగలేసేవాణ్ణి టర్కిష్‌లో 'మిరాస్‌యెది' అంటారు, వారసత్వం తిన్నవాడు. ఆ మిరాస్ మన మిరాశీయే. అలాంటివాణ్ణి చూసి వాళ్లు అనే సామెత, 'హాజిరా దా దయన్‌మజ్'. హాజిర్ అంటే సిద్ధంగా చేతిలో ఉన్నది, మన హాజరు పట్టీలో హాజరే. దా అంటే కొండ. చేతిలో ఉన్నదాని మీద పడి బతికితే కొండ కూడా ఆగదు. మనకేముంది? కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి. ఇది విన్న రోజు నేను తరగతిలో లేచి నిలబడి ఈ తెలుగు సామెత చెప్పాను. మా టీచరమ్మ బోర్డు మీద తెలుగు అక్షరాలు రాయమంది. రాశాను. కొండల్లో 'డ' కింద 'ల' వత్తు ఉందనుకుని జర్మన్ అమ్మాయి తప్పుగా ఎక్కించుకుంది, నేనే దిద్దాను. ఎర్ర సిరా వాడలేదు.

ఏమన్నా అడగాలంటే అడగండి.

(సభలోంచి ఒక ప్రశ్న: సార్, తెలుగు, ఇంగ్లీషు, టర్కిష్ మూడూ ఒకే రకంగా తినేది ఏదీ లేదా?)

ఉందమ్మా, మంచి ప్రశ్న. మేం అంకారాలో దిగిన మొదటి వారం. నాకు అప్పటికి టర్కిష్ పది మాటలు కూడా రావు. 'యెరిమ్' అంటే తింటాను, 'సెని' అంటే నిన్ను, అంతవరకు తెలుసు. మన 'తింటాను' లాగే ఆ యెరిమ్ కూడా, రోజూ తింటాననీ అవుతుంది, రేపు తింటాననీ అవుతుంది. లిఫ్టులో తెయ్జె మొదటిసారి కనబడింది. నా చంకలో ఉన్న మనవణ్ణి చూసి రెండు చేతులతో వాడి బుగ్గలు పట్టుకుని, పళ్లు గిట్టకరిచి, 'యెరిమ్ సెని! యెరిమ్!' అంది. నేను వాణ్ణి గట్టిగా పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాను. మా ఆవిడకు టర్కిష్ ఒక్క ముక్క రాదు. నవ్వుతూ పిల్లాణ్ణి నా చేతుల్లోంచి తీసుకుని ఆవిడ చేతికిచ్చి, 'కొరుక్కు తినేయాలనుంది అంటోందండీ, దానికంత కంగారెందుకు' అంది.